పుట్టగొడుగుల షెడ్డులో ఈగ: మందు సీసా ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది

క్లుప్తంగా: పుట్టగొడుగుల పెంపకంలో ఈగలు, నల్లులు, బూజు తెగుళ్లు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. నిజానికి ఒకదాని వీపెక్కి మరొకటి వస్తాయి. పంట కూడా బూజు జాతిదే కావడం, కోత దాదాపు రోజూ ఉండటం, పాత పుస్తకాల్లో రాసిన మందుల్లో ముఖ్యమైనవి నిషేధానికి గురికావడం వల్ల ఇక్కడ పిచికారీకి మిగిలిన చోటు చాలా తక్కువ. సమగ్ర సస్యరక్షణ అంటే ఈ పంటలో ప్రధానంగా వేడి, జాలి, శుభ్రత, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఖాళీ. చిన్న షెడ్లలో దెబ్బ తగులుతున్నది ఎక్కువగా ఆ చివరి దాని దగ్గరే.

గడ్డి, పుట్టగొడుగు విత్తనం నింపి బ్యాగులు కట్టి పన్నెండు రోజులైంది. విత్తనం నుంచి పుట్టే తెల్లటి దారాలు గడ్డిలో సగం దాకా పాకాయి. బల్బు వేసి చూస్తే, పాలిథీన్ సంచి మీద ఆవగింజంత నల్లటి ఈగ ఒకటి కుదుపులు కుదుపులుగా అటూ ఇటూ పరుగెడుతోంది. వేలు దగ్గరికి తీసుకెళ్తే ఎగరకుండా పక్కకు ఉరుకుతుంది. ఒక్కటే కదా అని వదిలేస్తారు. మూడు వారాలు తిరిగేసరికి అదే బల్బు చుట్టూ ఈగలు మూగుతాయి. బెడ్ల మీద మొలకలు గోధుమ రంగుకు తిరిగి తోలులా మారిపోతాయి. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. పురుగుమందుల షాపుకు పరుగు, "దోమ పడింది, ఏదైనా గట్టి మందివ్వండి" అని అడగడం, ఏదో ఒక సీసా తెచ్చుకోవడం.

తక్కువ పెట్టుబడి వ్యాపారంగా పుట్టగొడుగుల గురించి ఎంతో ప్రచారం జరుగుతోంది. గడ్డి నానబెట్టడం, విత్తనం చల్లడం, కోత, ప్యాకింగ్ అన్నీ వీడియోల్లో కనిపిస్తాయి. ఆ ఒక్క ఈగ మాత్రం కనిపించదు. మొదటి బ్యాచ్ బాగా వచ్చి, మూడో బ్యాచ్ నుంచి దిగుబడి ఎందుకు పడిపోయిందో తెలియక షెడ్డు మూసేసినవారి కథలో సాధారణంగా ఉండేది ఈ ఈగే.

పత్తి చేను వేరు, ఈ షెడ్డు వేరు

సమగ్ర సస్యరక్షణ అన్నది తెలుగు రైతుకు కొత్త మాట కాదు. పత్తిలో లింగాకర్షక బుట్టలు, గట్ల మీద ఎర పంటలు, అక్షింతల పురుగుల వంటి మిత్రపురుగులు, నష్టపరిమితి దాటితేనే మందు అన్న సూత్రం చాలామందికి తెలుసు. చేలో పురుగు కొంత ఉన్నా ఫరవాలేదు. దాన్ని తినే సాలీడు ఉంటుంది, కడిగేసే వాన ఉంటుంది, పోయిన ఆకు మళ్లీ వేసుకునే మొక్క ఉంటుంది.

షెడ్డులో ఇవేవీ లేవు. గాలిలో తేమ 85 నుంచి 90 శాతం, నిలకడగా ఉండే ఉష్ణోగ్రత, చీకటి, టన్నులకొద్దీ మెత్తని ఆహారం. ఎండ, వాన, పక్షి, సాలీడు దేని భయమూ లేదు. ఈగకు ఇంతకంటే సుఖమైన చోటు ఉండదు. అందుకే పత్తిలో పనిచేసే "కొంతవరకు ఓర్చుకుందాం" అన్న లెక్క ఇక్కడ చెల్లదు. లోపలికి వచ్చిన మొదటి ఈగే నష్టపరిమితి.

మందు వైపు నుంచి చూసినా తేడా పెద్దది. వంగ తోటలో కీటకనాశిని కొట్టి వారం ఆగి కాయ కోయొచ్చు. పుట్టగొడుగు కోతకు వచ్చే దశలో ఒక్క రోజులోనే రెట్టింపు సైజుకు పెరుగుతుంది. వారం ఆగితే కోయడానికి ఏమీ మిగలదు. పైన తొక్క ఒలిచేది లేదు, పొట్టు తీసేది లేదు, మొత్తంగా వంటింట్లోకి వెళ్తుంది. ఒక పంటకు ఫలానా మందు అవశేషం ఇంతవరకు ఉండొచ్చని పరిమితి నిర్ణయించి లేకపోతే, దేశంలోని ఆహార భద్రతా నిబంధనలు మామూలుగా వర్తింపజేసేది కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే దాదాపు లేనట్టే ఉండాలి. ఇక బూజు మందుల విషయం మరీ ఇరకాటం. చంపాల్సిందీ శిలీంధ్రమే, కాపాడాల్సిందీ శిలీంధ్రమే.

మూడు రకాల ఈగలు, మూడు తీర్లు

షాపులో అన్నిటికీ కలిపి "దోమ" అనే పేరు చెబుతారు. చూడటానికి ఒకేలా ఉన్న ఈ చిన్న ఈగల్లో మూడు కుటుంబాలున్నాయి. వాటి అలవాట్లు వేరు కాబట్టి కాపలా కాయాల్సిన రోజులూ వేరు.

మొదటిది సయారిడ్. సన్నగా, పొడుగు కాళ్లతో, పొడుగు మీసాలతో నిజంగానే దోమలా ఉంటుంది. వేడితో శుద్ధి (పాశ్చరైజ్) అయి చల్లబడుతున్న కంపోస్టు వాసన దీన్ని పిలుస్తుంది. అంటే విత్తనం చల్లే గంటల్లోనే వచ్చి గుడ్లు పెట్టగలదు. ఆడ ఈగ ఒక్కటే వంద దాటి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు తెల్లగా, గాజులా ఉండి, తల మాత్రం నల్లటి చుక్కలా కనిపిస్తుంది. గుర్తు పట్టడానికి ఆ నల్ల తలే ఆధారం. ఇది కంపోస్టును తింటుంది, దారాలను తింటుంది, ఆఖరికి కాడలోకి దూరి సొరంగాలు చేస్తుంది. కోసిన పుట్టగొడుగు కాడ స్పాంజిలా గుల్లగా ఉందంటే పని దీనిదే. బెడ్డులో దారాలు పూర్తిగా అల్లుకున్నాక మాత్రం ఈ పిల్ల పురుగులు సరిగా పెరగలేవు. అందుకే దీనికి కలిసొచ్చేది మొదటి రోజులే.

రెండోది ఫోరిడ్. పై సన్నివేశంలో సంచి మీద పరుగెత్తింది ఇదే. వీపు గూనిగా ఉంటుంది, మీసాలు ఉన్నట్టే కనిపించవు. దీన్ని లాగేది కంపోస్టు వాసన కాదు, అందులో పెరుగుతున్న దారాల వాసన. అందువల్ల విత్తనం చల్లిన తర్వాత దారాలు అల్లుకునే పాకుడు దశలో వస్తుంది. పిల్ల పురుగుకు నల్ల తల ఉండదు, ముందు కొస సూదిగా ఉంటుంది. తినేది దారాలనే. పిల్ల పురుగులు తిన్న నష్టం చాలాసార్లు ఓర్చుకోగలిగినంతే. పెద్ద ఈగలు మోసుకొచ్చేదే అసలు నష్టం.

మూడోది సెసిడ్. చాలా చిన్నది, రెక్కల ఈగ కంటికి చిక్కదు. నారింజ రంగు లేదా తెల్లటి పిల్ల పురుగులే కనిపిస్తాయి. దీని పుట్టుక వింతగా ఉంటుంది. పిల్ల పురుగు ఈగగా మారకుండానే, దాని శరీరంలోనే పది నుంచి ఇరవై దాకా కొత్త పిల్లలు తయారై బయటికి వస్తాయి. ఇందుకు వారం చాలు. మగది అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు, ఎగిరి రావాల్సిన అవసరమూ లేదు. చెప్పులకంటిన మట్టి, పార, బుట్ట చాలు పక్క గదికి చేరడానికి. బల్బు ఉచ్చులు దీని మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

వీటన్నిటినీ నడిపించేది ఉష్ణోగ్రత. సయారిడ్ గుడ్డు నుంచి ఈగ కావడానికి 24 డిగ్రీల దగ్గర సుమారు మూడు వారాలు, 18 డిగ్రీల దగ్గర ఐదు వారాలు పడుతుంది. ఫోరిడ్‌కు వేడిలో రెండు మూడు వారాలు చాలు, 16 డిగ్రీల చల్లదనంలో నెలన్నర దాటుతుంది. బటన్ పుట్టగొడుగు కాపు దశలో గది 14 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ ఈగ తరం నెమ్మదిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో చిన్న రైతులు పెంచేది ఎక్కువగా పాల పుట్టగొడుగు, ముత్యపుచిప్ప. పాల పుట్టగొడుగుకు కావాల్సిందే 30 నుంచి 35 డిగ్రీలు. ఆ వేడిలో రెండు నెలల పంటలో ఈగ రెండు మూడు తరాలు తిరగేస్తుంది. ఒక ఈగ వంద గుడ్లు పెట్టి, అందులో సగం ఆడవై, ఏదీ చావలేదనుకుంటే రెండో తరానికి లెక్క ఐదు వేలు. నిజంలో చాలా చస్తాయి. అయినా బల్బు చుట్టూ మూగడానికి అందులో పదో వంతు చాలు.

ఈగ రెక్కల మీద బూజు

కాడ గుల్ల కావడం కంటికి కనిపించే నష్టం. అంతకంటే ఖరీదైనది వ్యాధి. బటన్ పుట్టగొడుగుల ఫారాల్లో ముఖ్యంగా భయపెట్టేది డ్రై బబుల్ అనే తెగులు. లెకానిసిలియం అనే శిలీంధ్రం దీనికి కారణం. మొలక దశలోనే సోకితే పుట్టగొడుగు గొడుగు విప్పకుండా చిన్న ఉల్లిపాయలా ఉబ్బిపోతుంది. కాస్త పెరిగాక సోకితే కాడ చీలి, అరటి తొక్క ఒలిచినట్టు బయటికి వంగుతుంది. ఆలస్యంగా సోకితే గొడుగు మీద గోధుమ మచ్చలే వస్తాయి. మచ్చలున్నది పంటలో ఈ మధ్యే సోకిందని, ఉబ్బిపోయినది వారాల కిందటే సోకిందని అర్థం. జాగ్రత్తగా చూసేవారికి తెగులు ఎప్పుడు లోపలికొచ్చిందో పుట్టగొడుగు ఆకారమే చెబుతుంది.

ఈ తెగులు బీజాలు జిగురుగా ఉంటాయి. గాలికి ఎగరవు. వాటికి వాహనం కావాలి. ఈగ కాలు, కోతకు వచ్చిన కూలీ వేళ్లు, నీళ్ల పైపు నుంచి చిమ్మే తుంపర, ఏదైనా సరే. జబ్బుపడిన పుట్టగొడుగు మీద ఒక్కసారి నడిచిన ఫోరిడ్ ఆ రోజంతా ఎక్కడ వాలితే అక్కడ తెగులు నాటుతుంది. కాబట్టి ఈగను వదిలేసి బూజు మందు కొట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కాబ్‌వెబ్ అనే సాలెగూడు తెగులు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని బీజాలు పొడిగా ఉంటాయి, గాలి తగిలితే లేచిపోతాయి. మచ్చ కనపడగానే దాని మీద ఉప్పు చల్లమని చెప్పే సలహా అందరికీ తెలిసిందే. సలహా మంచిదే, వరస మాత్రం చాలామంది తప్పుతారు. ఉప్పు గింజలు నేరుగా పడితే ఆ దెబ్బకే బీజాలు దుమ్ములా లేస్తాయి. నీళ్లు పెట్టకముందే, ఫ్యాన్ ఆపి, మచ్చ కంటే నాలుగు వేళ్లు వెడల్పున్న తడి టిష్యూ కాగితం నెమ్మదిగా దాని మీద పరచాలి. కాగితం మచ్చకు పూర్తిగా అతుక్కున్నాక, దాని మీద అంచుల దాకా కళ్లుప్పు పోయాలి. ఆ తర్వాతే ఫ్యాన్, నీళ్లు. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు కుదరక మొత్తం గది పోగొట్టుకున్న సందర్భాలు ఈ పరిశ్రమలో తక్కువేమీ కావు.

ఇంకో రకం వాహనం ఎర్ర నల్లి. మిరప్పొడి చల్లినట్టు బెడ్డు మీద గుంపులుగా కనిపిస్తుంది. అది పుట్టగొడుగును తినదు, పచ్చ బూజును తింటుంది. కనుక ఎర్ర నల్లి కనపడితే నల్లి మందు వెతకడం కంటే లోపల పచ్చ బూజు ఎక్కడుందో వెతకడం తెలివైన పని. ఆ బూజు బీజాలను ఒక బెడ్డు నుంచి మరో బెడ్డుకు మోసేదీ ఇదే.

చేలో మిత్రుడు, షెడ్డులో శత్రువు

పచ్చ బూజుకు కారణం ట్రైకోడెర్మా. ఈ పేరు వింటే రైతుకు కలిగేది నమ్మకం. కంది ఎండు తెగులుకు, వేరుశనగ మొదలుకుళ్లుకు పశువుల ఎరువులో కలిపి చల్లమని వ్యవసాయ శాఖ ఇచ్చే ప్యాకెట్టులో ఉండేది ట్రైకోడెర్మానే. చేలో అది చెడ్డ శిలీంధ్రాలను తిని పంటను కాపాడుతుంది. శిలీంధ్రాలను తినడమే దాని స్వభావం. షెడ్డులో ఉన్న పంటే శిలీంధ్రం. అందుకే పొలానికి ట్రైకోడెర్మా కలిపిన చేతులతో, బట్టలతో నేరుగా షెడ్డులోకి వెళ్లకూడదు. ఆ ఎరువు కుప్ప షెడ్డు పక్కన ఉండకూడదు. పొలం, షెడ్డు రెండూ ఉన్న కుటుంబాల్లో ఈ విషయం ఎవరూ చెప్పకపోవడం పెద్ద లోటు.

ఈ బూజు ఎంత దూరం వెళ్లగలదో 1980ల నడుమ ఐర్లాండ్ చూసింది. అక్కడి బటన్ ఫారాల్లో 1985 ప్రాంతంలో ఎప్పుడూ లేనంత దూకుడుగా పచ్చ బూజు బయలుదేరి బ్రిటన్‌కు పాకింది. 1990ల్లో ఉత్తర అమెరికా ఫారాలనూ ఇలాంటి ఉధృతే ముంచెత్తింది. మామూలు ట్రైకోడెర్మా సరిగా తయారుకాని కంపోస్టులోనే పెరుగుతుంది. ఇది అలా కాదు, మంచి కంపోస్టులోనూ విత్తనంతో పోటీపడి పెరిగింది. దీన్ని వేరే జాతిగా గుర్తించి 2002లో ట్రైకోడెర్మా అగ్రెసివమ్ అని పేరు పెట్టారు. ఆ కష్టకాలంలో ఫారాలు నేర్చుకున్న పాఠం మందు గురించి కాదు. విత్తనం కలిపే ఆ కొద్ది గంటల్లో గాలి, దుమ్ము, యంత్రం, చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయన్నదే పంట భవిష్యత్తు. అప్పటి నుంచి పెద్ద ఫారాల్లో విత్తనం కలిపే చోటును ఆపరేషన్ థియేటర్‌లా చూస్తున్నారు.

వేడి చేసే పని ఇంకేదీ చేయలేదు

బటన్ కంపోస్టును రెండో దశలో 57 నుంచి 60 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచి, తర్వాత 45 నుంచి 48 డిగ్రీలకు దించి అమ్మోనియా వాసన పోయేదాకా రోజుల తరబడి నిలుపుతారు. మొదటి వేడి ఈగ గుడ్లను, నులిపురుగులను, నల్లులను చంపుతుంది. తర్వాతి తక్కువ వేడిలో, వేడిని ఇష్టపడే మంచి సూక్ష్మజీవులు పెరిగి, మిగిలిన సులువైన ఆహారాన్ని తినేస్తాయి. అంటే తర్వాత వచ్చే చెడ్డ బూజుకు తినడానికి ఏమీ మిగలదు. శత్రువును చంపడం ఒక ఎత్తు, వాడి కంచం ఖాళీ చేయడం మరో ఎత్తు. పాశ్చరైజేషన్ ఈ రెండూ చేస్తుంది. వేడి మరీ ఎక్కువైతే మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చి కంచం నిండుగానే ఉంటుంది. అందుకే ఉడకబెట్టిన కొద్దీ మంచిదన్న ఆలోచన కంపోస్టు విషయంలో తప్పు. పైన కప్పే కేసింగ్ మట్టిని కూడా 60 నుంచి 65 డిగ్రీల ఆవిరిలో ఆరేడు గంటలు ఉంచుతారు. వెట్ బబుల్ అనే మరో బూజు తెగులు ఎక్కువగా వచ్చేది ఆ మట్టి నుంచే.

ముత్యపుచిప్ప పెంచే చిన్న షెడ్లలో ఆవిరి బాయిలర్ ఉండదు. గడ్డిని శుద్ధి చేయడానికి ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతి ఒకటుంది. వంద లీటర్ల నీటికి 7.5 గ్రాముల కార్బండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్ కలిపి, అందులో 10 నుంచి 12 కిలోల గడ్డిని రాత్రంతా, సుమారు 18 గంటలు, మూతపెట్టి నానబెట్టడం. చవక, పొయ్యి అక్కర్లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ డ్రమ్ము మీదికి వంగి గడ్డి పిండేది ఇంటి ఆడవాళ్లే. కార్బండజిమ్ విషయానికొస్తే, అదే కుటుంబానికి చెందిన మందులకు లొంగని కాబ్‌వెబ్ రకాలు 1990ల్లోనే బ్రిటన్, ఐర్లాండ్ ఫారాల్లో కనిపించాయి. కట్టెలు, గ్యాసు ఖర్చు భరించగలిగితే వేడినీళ్ల పద్ధతే మేలు. నానిన గడ్డిని 80 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచి, వాలుగా ఉన్న శుభ్రమైన పట్టా మీద ఆరబెట్టాలి. గుప్పిట పిండితే నీరు కారకుండా అరచెయ్యి తడి కావాలి. అంతకంటే తడిగా ఉంటే దారాలు పాకవు, ఈగ మాత్రం హాయిగా పెరుగుతుంది.

పాత పుస్తకంలోని మందులు ఏమయ్యాయి

చాలా షెడ్లలో గోడకు అంటించిన సలహా కాగితాల్లో, పాత శిక్షణ పుస్తకాల్లో మూడు పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఈగలకు డయాజినాన్, డైక్లోర్వాస్. బూజుకు బెనోమిల్. డైక్లోర్వాస్ అంటే తెలియకపోవచ్చు, నువాన్ అంటే అందరికీ తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులో 18 పురుగుమందులను నిషేధించింది. బెనోమిల్, డయాజినాన్ వెంటనే నిషేధంలోకి వెళ్లాయి. డైక్లోర్వాస్‌కు 2020 డిసెంబర్ 31 దాకా గడువిచ్చారు. అదీ అయిపోయింది. 2020 మేలో నిషేధానికి ప్రతిపాదించిన మరో 27 మందుల ముసాయిదాలో కార్బండజిమ్, మలాథియాన్, మాంకోజెబ్ కూడా ఉన్నాయి. తర్వాత తుది నిషేధం కొన్నిటికే పరిమితమైనా, గాలి ఎటు వీస్తోందో ఆ జాబితా చూపించింది.

పుస్తకాలు మారలేదు, మందులు మారాయి. ఈ రెంటి మధ్య ఏర్పడిన ఖాళీలోనే అయోమయం పుట్టింది. నువాన్ దొరకనప్పుడు షాపువాళ్లు మిరపకో, వరికో వాడే కొత్త మందు చేతిలో పెడతారు. లేబుల్ మీద ఏ పంటకు అనుమతి ఉందో రాసి ఉంటుంది. పుట్టగొడుగు పేరు అక్కడ కనపడటం అరుదు. అలా కొట్టిన మందు ఈగను చంపినా చంపకపోయినా, రేపటి కోతలో మాత్రం ఉంటుంది.

ఈగలు ఊళ్లోకి వెళ్లినప్పుడు

అమెరికాలో పండే పుట్టగొడుగుల్లో సగానికి పైగా పెన్సిల్వేనియా రాష్ట్రానివే. అక్కడి చెస్టర్ కౌంటీలోని కెన్నెట్ స్క్వేర్ ప్రాంతమంతా ఫారాలే. డబ్బుకు, యంత్రాలకు, పరిశోధనకు లోటు లేని చోటు. అయినా గత దశాబ్దంన్నరగా అక్కడ ఫోరిడ్ ఈగలు ఫారాలు దాటి చుట్టుపక్కల ఇళ్లలోకి గుంపులుగా వెళ్తున్నాయి. ఫారాల్లో వాడే డయాజినాన్ అందుబాటులో లేకుండా పోవడం ఇందుకు ఒక ముఖ్య కారణమని చెబుతారు. ఏళ్ల తరబడి ఒక్క మందు మోసిన బరువు దాని తర్వాత ఇంకే మందూ మోయలేకపోయింది. ఇప్పుడు అక్కడ జోరుగా సాగుతున్నది కోత ముగిశాక గదిని ఆవిరితో ఉడికించడం, పగుళ్లు పూడ్చడం, తలుపులు బిగించడం. అంత పెద్ద పరిశ్రమే మందు నుంచి తలుపు దగ్గరికి తిరిగొచ్చిందంటే, ఆ దారిలో నేరుగా మొదలుపెట్టే అవకాశం చిన్న రైతుకు ఇప్పుడుంది.

తలుపు విషయంలో గమనించాల్సిన కిటుకు ఒకటి. ఏసీ ఫారాల్లో వడపోసిన గాలిని లోపలికి తోస్తారు. లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. చిన్న షెడ్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతారు. అది గాలిని బయటికి లాగుతుంది. ఆ లోటు పూడ్చడానికి ప్రతి సందులోంచీ, తాటాకుల మధ్యలోంచీ బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది, ఈగతో సహా. ఫ్యాన్‌కు మాత్రమే జాలి కొట్టి తలుపు కింద రెండు వేళ్ల సందు వదిలేసిన షెడ్డు ఈగను చేతులారా పిలుచుకున్నట్టే. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉన్న పుట్టగొడుగుల పరిశోధన డైరెక్టరేట్ సిఫార్సు చేసే జాలి అంగుళానికి 35 నుంచి 40 కళ్లుండే సన్న రకం. మామూలు దోమల జాలిలోంచి ఈ ఈగలు సునాయాసంగా దూరుతాయి. రెండు తలుపులు, మధ్య చీకటి గది ఉంటే ఇంకా మంచిది.

లోపల పసుపు బల్బు, దాని కింద ఆముదం పూసిన పసుపు అట్ట. దీన్ని ఈగలను చంపే సాధనంగా చూస్తే నిరాశే మిగులుతుంది. లెక్కపెట్టే సాధనంగా చూస్తే దీని విలువ తెలుస్తుంది. అట్ట మీద తేదీ రాసి, రోజూ ఒకే వేళకు లెక్కపెట్టాలి. నిన్న రెండు, ఇవాళ మూడు అంటే బయటినుంచి వస్తున్నట్టు. నాలుగు రోజుల్లో మూడు ముప్పై అయితే లోపలే పుట్టినట్టు. మొదటిదానికి విరుగుడు సందు పూడ్చడం. రెండోదానికి ఏ బెడ్డులో పుట్టాయో వెతికి, దాన్ని కప్పి బయటికి తీయడం.

జీవ నియంత్రణ ఎంతవరకు

ఐరోపా ఫారాల్లో సయారిడ్ పిల్ల పురుగుల మీద స్టైనర్‌నీమా ఫెల్టియే అనే మేలు చేసే నులిపురుగును కేసింగ్ నీటిలో కలిపి వాడతారు. అది పిల్ల పురుగు శరీరంలోకి దూరి చంపుతుంది, పుట్టగొడుగును ముట్టదు. సయారిడ్ మీద బాగా పనిచేస్తుంది, ఫోరిడ్ మీద అంతగా కాదు. పైగా అది చల్లదనం కోరే జీవి. బటన్ గదిలో సరిపోతుంది గానీ 32 డిగ్రీల పాల పుట్టగొడుగు షెడ్డులో నీరసపడుతుంది. విదేశీ సలహాను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదనడానికి ఇది మంచి ఉదాహరణ.

బి.టి. అనే బ్యాక్టీరియా మందు విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఈగ పిల్లల మీద పనిచేసేది ఇజ్రాయెలెన్సిస్ రకం, దోమల లార్వాకు వాడేది. ఎరువుల షాపులో దొరికే బి.టి. సాధారణంగా కుర్‌స్టాకీ రకం. అది శనగపచ్చ పురుగు లాంటి గొంగళి పురుగులకే. పేరు ఒకటే కదా అని కొట్టి, పనిచేయలేదని జీవ నియంత్రణ మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. వేప ఉత్పత్తులు ఈగ పిల్లల ఎదుగుదలను ఆపగలవు. కానీ వేపనూనెకు శిలీంధ్రాలను అణిచే గుణం కూడా ఉంది. బెడ్డు మీద నేరుగా కొట్టకుండా గోడలకు, నేలకు పరిమితం చేయడం క్షేమం.

ఒకే షెడ్డులో మూడు వయసుల బెడ్లు

చిన్న రైతు దగ్గర ఉండేది ఒకటే షెడ్డు. రోజూ కొంత సరుకు రావాలి, హోటల్‌కో కూరగాయల కొట్టుకో మాట తప్పకూడదు. అందుకని వారానికి కొన్ని బ్యాగులు కడుతూ పోతారు. ఫలితంగా ఒకే కప్పు కింద నిన్న కట్టిన బ్యాగు, కోతకొచ్చిన బ్యాగు, ఆఖరి కోత అయిపోయి వాడిపోయిన బ్యాగు పక్కపక్కనే వేలాడుతుంటాయి. సయారిడ్‌కు తాజా బ్యాగు, ఫోరిడ్‌కు పాకుడు దశలోని బ్యాగు, తెగులుకు ముసలి బ్యాగు, దేనికి కావాల్సింది దానికి ఎప్పుడూ సిద్ధం. ముసలి బ్యాగులో పుట్టిన ఈగ రెండడుగులు ఎగిరితే కొత్త బ్యాగు. షెడ్డు ఒక్కరోజు కూడా ఖాళీ కాదు కాబట్టి ఈగ తరాల వరస ఎక్కడా తెగదు. మొదటి బ్యాచ్ బాగా రావడం, మూడో బ్యాచ్ నుంచి పడిపోవడం వెనక ఉన్న అసలు కారణం ఇదే. విత్తనం పాడైందని విత్తనం అమ్మినవారిని తిట్టుకునే చోట చాలాసార్లు తప్పు షెడ్డు నడిపే తీరులో ఉంటుంది.

పెద్ద ఫారాల్లో ఒక గది మొత్తం ఒకేసారి నింపి ఒకేసారి ఖాళీ చేస్తారు. మనుషులు కూడా కొత్త గది నుంచి పాత గదికే వెళ్తారు, వెనక్కి రారు. ఉన్న ఒక్క షెడ్డును మూడు భాగాలు చేసి, మధ్య పైకప్పు దాకా మందపాటి పాలిథీన్ తెర బిగించి, ఒక్కో భాగానికి వేరే తలుపు పెడితే చిన్న రైతు కూడా ఈ పద్ధతికి దగ్గరికి రాగలడు. ఉదయం కోత పని కొత్త బెడ్ల భాగం నుంచి మొదలుపెట్టాలి. ముసలి బెడ్ల దగ్గర ముగించాక మళ్లీ ఆ రోజు కొత్త భాగంలోకి అడుగు పెట్టకూడదు. ఖర్చు తెరలు, తలుపులదే. కష్టమైనది అలవాటు మార్చుకోవడం, ముఖ్యంగా ఒక భాగం వారం పది రోజులు ఖాళీగా ఉన్నప్పుడు ఆదాయం పోతోందన్న బెంగను ఓర్చుకోవడం. మూడో బ్యాచ్‌లో పోయే దిగుబడితో పోలిస్తే ఆ ఖాళీ రోజుల నష్టం చిన్నదే.

ఆఖరి కోత తర్వాత

ఏసీ ఫారాల్లో కోత ముగిసిన గదిని బెడ్లు లోపల ఉండగానే తలుపు మూసి 70 డిగ్రీల ఆవిరిలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచుతారు. బయటికి తీసేలోపే లోపలున్నదంతా చచ్చిపోతుంది. ఆవిరి లేని షెడ్లలో ఖాళీ బ్యాగులను ఎక్కడ పడేస్తున్నారన్నదే ప్రశ్న. మామూలుగా షెడ్డు వెనక్కే విసిరేస్తారు. బరువు, దూరం మోయలేరు. వాన పడగానే ఆ కుప్ప మీద మళ్లీ నాలుగు పుట్టగొడుగులు లేస్తాయి, పిల్లలు కోసుకొస్తారు, అందరూ సంబరపడతారు. ఆ కుప్పలోంచే సాయంత్రం ఈగలు లేచి, పది గజాల దూరంలో ఉన్న ఫ్యాన్ లాగే గాలితో తలుపు కింది సందులోకి వెళ్తాయి. బ్యాగులు షెడ్డు లోపలే మూతి బిగించి, అదే రోజు దూరంగా పొలానికి తీసుకెళ్లి గోతిలో వేసి జానెడు మందాన మట్టి కప్పితే, మరుసటి వారం పసుపు అట్ట మీద లెక్క మారుతుంది.